రెండు ఎడమ చేతులు

కర్నూలు జిల్లాలో పుట్టి కడప జిల్లా పిల్లను పెళ్ళి చేసుకున్నవాడి కష్టాలు కోస్తా వారికి అర్థం కావు. "రెండూ రాయలసీమే గదా, రెండు చోట్లా ఎండే గదా, తేడా ఏమున్నది?" అంటారు వాళ్ళు. తేడా లేకేమి! మాది ఆదోని. మా ఆవిడది ప్రొద్దుటూరు. మా ఊరికి దూది పేరు. వాళ్ళ ఊరికి బంగారం పేరు. పెళ్ళయిన కొత్తలో నేను మా ఊరి గొప్ప చెప్పబోతే, "దూది యాడ, బంగారం యాడ!" అని ఒక్క మాటతో నా నోరు మూయించింది. బంగారం కొన్నవాళ్ళు దానిని దూదిలోనే గదా చుట్టి దాచుకుంటారన్న జవాబు నాకు తట్టేసరికి నలభయి ఏళ్ళు పట్టింది. అప్పటికి ఆమె ఆ సంగతే మరచిపోయింది.

సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు అందుకొని కడప దాకా పోయే కాలువకు పెద్దలు కర్నూలు–కడప కాలువ అని రెండు ఊళ్ళ పేర్లూ కలిపి పెట్టారు. మా సంసారమూ ఆ కాలువ వంటిదే. నీళ్ళు వస్తే ఇద్దరివీ. రాకపోతే తప్పు అవతలి జిల్లావాళ్ళది.

ఇన్నేళ్ళుగా దూది మీద, దోసెల మీద, చుట్టాల మర్యాదల మీద నడిచిన మా తగువు 2025లో క్రికెట్టు మీదికి తిరిగింది. అంతకు ముందు మా ఆవిడ క్రికెట్టు చూసిన పాపాన పోలేదు. ఎవరైనా చూస్తుంటే టీవీకి అడ్డంగా నిలబడి బియ్యంలో రాళ్ళు ఏరేది. ఇప్పుడు ఏ బౌలరు ఎన్ని ఓవర్లు వేసిందో, ఎన్ని పరుగులిచ్చిందో పాలవాడి లెక్కకంటె ఖచ్చితంగా చెబుతున్నది. కారణం కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలోని ఎర్రమల్లె అనే పల్లెటూరు.

ఆ ఊరి పిల్ల శ్రీచరణి. 2004లో పుట్టింది. ఎడమ చేత్తో స్పిన్ వేస్తుంది. 2024 డిసెంబరులో జరిగిన మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ కాపిటల్స్ వాళ్ళు 55 లక్షలకు తీసుకున్నారు. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీలంక మీద భారత జట్టు తరఫున మొదటి వన్డే ఆడింది. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండు మీద మొదటి టీ20 ఆడింది.

మరి నా పక్షాన ఎవరూ లేరా అంటే, ఉన్నది. మా ఆదోని పిల్ల అంజలి శర్వాణి. 1997లో పుట్టింది. ఆమెదీ ఎడమ చేయే. అయితే స్పిన్ కాదు, పరుగెత్తుకుంటూ వచ్చి వేసే పేస్ బౌలింగు. 2022 డిసెంబరు 9న నవీ ముంబైలోని డి.వై. పాటిల్ స్టేడియంలో ఆస్ట్రేలియా మీద మొదటి టీ20 ఆడింది. 2023 ఫిబ్రవరిలో మహిళల ప్రీమియర్ లీగ్‌కు మొట్టమొదటి వేలం జరిగినప్పుడు యూపీ వారియర్స్ వాళ్ళు ఆమెను తీసుకున్నారు. ఎంతకంటారా? సరిగ్గా 55 లక్షలకే.

తక్కెడలో రెండు పళ్ళాలూ సమంగా నిలబడ్డది అక్కడ ఒక్కచోటనే. తరువాత మా ఆవిడ తన వైపు ఒక్కొక్క గుండే వేస్తూ వచ్చింది.

"మొదటి టీ20లోనే మా పిల్ల నాలుగు వికెట్లు తీసింది. ఇచ్చింది 12 పరుగులే. మరి మీ పిల్ల?"

"ఇంగ్లండు మీద అయిదు మ్యాచీలు. 10 వికెట్లు. సిరీస్ మనకు 3–2. సిరీస్ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి ఎవరు? మా పిల్ల. మరి మీ పిల్ల?"

"ప్రపంచ కప్పులో తొమ్మిది మ్యాచీలకు 14 వికెట్లు. మన జట్టులో దీప్తి శర్మ తరువాత మా పిల్లే. మరి మీ పిల్ల?"

2025 నవంబరు 27న కొత్త వేలంలో ఢిల్లీవాళ్ళే శ్రీచరణిని ఒక కోటీ 30 లక్షలకు మళ్ళీ తీసుకున్నారని తెలిసిన రోజున, ప్రొద్దుటూరు బంగారం ధర పెరిగినంత సంతోషంగా వంటింట్లోంచి వచ్చి, "ఇప్పుడు చెప్పండి!" అన్నది.

నేను లెక్కల మాస్టరుగా పనిచేసి విరమించినవాణ్ణి. అంకెలను కాదనడం నా వృత్తికి విరుద్ధం. అయితే అంకె పక్కన ప్రమాణం వేయని జవాబుకు నేనెన్నడూ పూర్తి మార్కులు వెయ్యలేదు. అయిదు అంటే అయిదు మూరలా, అయిదు మైళ్ళా? వికెట్లకూ అంతే. ఏ పనికి పంపితే, ఏ స్థితిలో వేస్తే వచ్చినవో చెప్పకపోతే అది సగం లెక్క.

ఈ ఇద్దరి మొదటి టీ20లే చూడండి. శ్రీచరణి మొదటి రోజున స్మృతి మంధాన 112 పరుగులు కొట్టింది. భారత జట్టు 210 చేసింది. అంత కొండ ఎదురుగా ఉంటే ఇంగ్లండు బ్యాటర్లు నిలకడగా ఆడే వీలు లేదు. ప్రతి బంతినీ బాదవలసిందే. బాదబోయిన వాళ్ళ తొందరను చరణి తన బంతితో పట్టుకున్నది. 113కే అందరూ అవుటయ్యారు. 97 పరుగుల గెలుపు. తొందరపడేవాళ్ళ ఎదుట తాను తొందరపడకపోవడం ఇరవై ఏళ్ళ పిల్లకు చిన్న విద్య కాదు.

శర్వాణి మొదటి రోజున మనవాళ్ళు చేసింది 172. ఎదురుగా ఆస్ట్రేలియా. ఆ రాత్రి వాళ్ళు ఒకే ఒక వికెట్టు పోగొట్టుకొని, ఇంకా బంతులు మిగిలి ఉండగానే గెలిచేశారు. జట్టు మొత్తానికి ఒక వికెట్టు దొరికిన రోజున కొత్త పిల్ల ఖాతాలో ఏమీ లేదని వేలు చూపించడం న్యాయమా? పైగా టీ20లో మొదటి ఆరు ఓవర్లూ పవర్‌ప్లే. గిరి గీసిన వలయం బయట ఇద్దరే ఫీల్డర్లు ఉండాలి. బంతి కొత్తది, బ్యాటరు చేయి కొత్తది, మైదానం ఖాళీ. అటువంటి వేళ బంతి చేతికిచ్చి "వెయ్యమ్మా" అంటారు పేస్ బౌలరును. పెళ్ళిలో ముందు బంతికి వడ్డించేవాడి పాటు అది. విస్తళ్ళన్నీ ఖాళీ, అందరికీ ఆకలి, అన్నీ ఒక్కసారే కావాలి.

నేను ఇంత చెప్పినా మా ఆవిడ వినలేదు గాని, ఒకటి మాత్రం అడిగింది. "అట్లయితే మా పిల్లకు ఎప్పుడూ సుళువైన పనే దొరికిందంటారా?" అన్నది.

అది నేను అనలేదు. అనను కూడా. ఎందుకంటే 2025 అక్టోబరు 12న విశాఖపట్నంలో జరిగిన మ్యాచీ నేను కళ్ళారా టీవీలో చూశాను. ఆస్ట్రేలియావాళ్ళు 331 పరుగులు కొట్టి గెలిచిన మ్యాచీ అది. ఆ రోజు శ్రీచరణి పది ఓవర్లలో ఇచ్చింది 41. మిగిలిన 39 ఓవర్లలో వెళ్ళింది 290. 142 కొట్టిన అలిస్సా హీలీతో సహా మూడు వికెట్లు తీసింది. జట్టు ఓడింది కనుక ఆ పది ఓవర్లను ఎవరూ ఊరేగించలేదు. నన్నడిగితే నాటింగ్‌హామ్ నాలుగు వికెట్లకంటె విశాఖపట్నం 41 పరుగులే గొప్ప. చెరువు తెగిన రోజున తన పొలం గట్టు నిలబెట్టుకున్న రైతు పని అది. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 చేసిన రోజునా అంతే. పది ఓవర్లు, 49 పరుగులు, రెండు వికెట్లు. ప్రపంచ కప్పు మొత్తం మీద ఓవరుకు అయిదు పరుగుల లోపే ఇచ్చింది.

"ఇది ముందే చెప్పవచ్చు గదా!" అన్నది మా ఆవిడ, తన వైపు ఇంకొక గుండు దొరికినందుకు సంతోషించి.

ఈ తగువును ఒక ఆదివారం కెనడా నుంచి మా తమ్ముడి కొడుకు ఫోనులో విన్నాడు. వాడు వాంకూవర్ దగ్గర ఉంటాడు. విని పగలబడి నవ్వి, "పెద్దనాయనా, సరిగ్గా ఇదే తగువు ఇక్కడ మంచు మీద నడిచింది" అన్నాడు.

వాడు చెప్పింది ఐస్ హాకీ సంగతి. ఎండకు రోడ్డు మీది తారు కరిగే ఊళ్ళో కూర్చొని గడ్డకట్టిన మంచు మీద ఆట గురించి వినడం కొంచెం చిత్రంగానే ఉంటుంది. కాళ్ళకు స్కేట్లు కట్టుకొని, కర్రలతో ఒక రబ్బరు బిళ్ళను తోస్తారట. గోలు కీపరు కాక ఒక్కొక్క వైపు అయిదుగురు. అందులో ఇద్దరు వెనక కాపలా. గోలు వేసినా, వేసేవాడికి అందించినా ఒక్కొక్క పాయింటు. కాపలా వాళ్ళకు పాయింట్లు సాధారణంగా తక్కువ. అయితే 2019–20లో ఇద్దరు కొత్త కుర్రాళ్ళు కాపలాకు వచ్చి దుమ్ము లేపారు. కాదు, మంచు లేపారు. ఒకడు కొలరాడో జట్టు కేల్ మకార్. రెండోవాడు వాంకూవర్ జట్టు క్విన్ హ్యూస్. ఆ ఏడాది కొత్తవాళ్ళలో ఉత్తముడికిచ్చే కాల్డర్ బహుమతి ఎవరికన్నది తగువు.

"హ్యూస్‌కు 53 పాయింట్లు, మకార్‌కు 50. నువ్వే చెప్పు పెద్దనాయనా, ఎవరు ఎక్కువ?" అన్నాడు వాడు.

"ఎన్ని ఆటల్లో?" అన్నాను.

"హ్యూస్ 68 ఆడినాడు. మకార్ 57."

కాగితం తీసి భాగించాను. ఆటకు మకార్‌కు 0.88, హ్యూస్‌కు 0.78. మొత్తం చూస్తే హ్యూస్, సగటు చూస్తే మకార్. ఇద్దరి అభిమానులూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి కావలసిన గడి వాళ్ళు చదివారు. బహుమతి మకార్‌కు ఇచ్చారు. 2022లో అతని జట్టు స్టాన్లీ కప్పు గెలిచింది. లీగ్ మొత్తంలో ఉత్తమ రక్షకుడికిచ్చే నోరిస్ బహుమతి కూడా ఆ ఏడు అతనికే వచ్చింది. ఇంకేం, తగువు తీరిపోయింది అనుకున్నారట. 2024లో అదే నోరిస్ బహుమతి హ్యూస్‌కు వచ్చింది! తగువు మళ్ళీ మొదలు. చివరికి 2025 డిసెంబరులో హ్యూస్ వాంకూవర్ వదిలి మిన్నెసోటా జట్టుకు వెళ్ళిపోయాడు. మావాడిప్పుడు ఎవరి పక్షాన వాదించాలో తెలియక దిగాలుగా ఉన్నాడు.

ఇదంతా పక్కన కూర్చొని వింటున్న మా ఆవిడ అకస్మాత్తుగా, "అంత గట్టి మంచు మీద పడితే ఆ పిల్లోండ్లకు మోకాళ్ళు ఏమయ్యేది?" అన్నది.

నాకు వెంటనే మాట రాలేదు. మోకాలు అన్న మాట మా ఇంట్లో శర్వాణి పేరుకు అంటుకొని ఉన్నది. 2023 సెప్టెంబరులో చైనాలో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌కు ఎంపిక చేసిన జట్టులో ఆమె పేరున్నది. మోకాలి దెబ్బ వల్ల వెళ్ళలేకపోయింది. ఆమె బదులు మరొకరు వెళ్ళారు. ఆ జట్టు శ్రీలంకను ఓడించి బంగారు పతకం తెచ్చింది. 2025 ప్రపంచ కప్పు జట్టులో మా ఆదోని పిల్ల లేదు.

పేస్ బౌలరు బంతి వదిలేటప్పుడు ముందు కాలు నేలకు తగిలే దెబ్బ ఆమె బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఒక్క ఓవరుకు ఆరు దెబ్బలు. సాధన రోజున ఎన్నో లెక్క పెట్టుకోండి. స్పిన్నరు నాలుగడుగులు నడిచి వచ్చి వేళ్ళతో, మణికట్టుతో చేసే పనిని పేస్ బౌలరు ఒళ్ళంతా కుదవ పెట్టి చేస్తుంది. ఏ స్కోరు కార్డులోనూ ఈ గడి లేదు. "మీ పిల్ల యాడ?" అని మా ఆవిడ మళ్ళీ అడగలేదు. ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళి, ఆ పూట నా కాఫీలో పంచదార మామూలుకంటె ఎక్కువ వేసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా మనవరాలికి పదమూడేళ్ళు. దానిదీ ఎడమ చేయే. చిన్నప్పుడు అన్నం ఎడమ చేత్తో తింటున్నదని మా అక్కయ్య ఆ చేతికి గుడ్డ కట్టి కూర్చోబెట్టేది. పలక మీద ఎడమ చేత్తో రాస్తే లాగి కుడి చేతికి బలపం ఇచ్చేది. "ఆడపిల్ల, రేపు అత్తవారింట్లో ఎడమ చేత్తో వడ్డిస్తే ఏమనుకుంటారు?" అని ఆమె బాధ. మన ఇళ్ళల్లో ఎడమ చేతికి పెట్టిన పేర్లు, చెప్పిన బుద్ధులు ఇన్నీ అన్నీ కావు. అటువంటి నేల మీద ఆదోని నుంచి శర్వాణి వచ్చింది. అనంతపురం జిల్లా నుంచి బారెడ్డి అనూష వచ్చి, 2023 జూలైలో మిర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద టీ20 ఆడింది. ఎర్రమల్లె నుంచి చరణి వచ్చింది. ముగ్గురూ ఎడమ చేతి బౌలర్లే. ప్రపంచ కప్పు గెలిచిన మరునాడు మా అక్కయ్యే మనవరాలిని పిలిచి, "ఏదీ, ఆ చేయి ఇట్లా ఇయ్యి" అని పట్టుకొని చూసింది.

అంతవరకు బాగానే ఉన్నది. తరువాతనే చిక్కు వచ్చింది. వీధి వీధంతా దానిని "చిన్న చరణీ" అని పిలవడం మొదలుపెట్టింది. కొట్టుకు వెళితే చిన్న చరణి. గుడికి వెళితే చిన్న చరణి. డిసెంబరులో రెండు బళ్ళ పిల్లలకు పోటీ పెట్టారు. మా పిల్ల రెండు ఓవర్లు వేసి 23 పరుగులిచ్చింది. వికెట్టు లేదు. చూడవచ్చిన పెద్దమనిషి ఒకాయన దానికి వినబడేటట్టే, "యాడి చరణి! చరణి కాలిగోటికి చాలదు" అన్నాడు. అది ఇంటికి వచ్చి బంతిని అటక మీదికి విసిరేసింది. రెండు వారాలు దాని జోలికి పోలేదు. అన్నం కుడి చేత్తో తినడం మొదలుపెట్టింది.

ఆ రెండోది చూసి మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇదో, దానికి మీ ఆదోని పిల్ల మొదటి రోజు సంగతి చెప్పండి" అన్నది.

కడప జిల్లా మా జిల్లాను సాయమడగడం నా కాపురంలో అదే మొదలు.

మరునాడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాను. ఆస్ట్రేలియా సంగతీ, ఒక్క వికెట్టుకే గెలిచేసిన సంగతీ, ఆ తరువాత రెండు నెలలకే శర్వాణిని 55 లక్షలకు తీసుకున్న సంగతీ చెప్పాను. ఆ పిల్ల బంతి వేసే తీరు తెలిసినవాళ్ళు స్కోరు కార్డు చూసి భయపడలేదని చెప్పాను. అన్నింటికంటె చివర, శర్వాణి మొదటి ఆట ఆడిన ఆ డి.వై. పాటిల్ మైదానంలోనే 2025 నవంబరు 2న ప్రపంచ కప్పు ఫైనల్ జరిగిందనీ, దక్షిణాఫ్రికా బ్యాటరు ఆనెకె బోష్‌ను సున్న పరుగులకే చరణి ఎల్బీడబ్ల్యూ చేసిందనీ, మనవాళ్ళు 52 పరుగుల తేడాతో కప్పు గెలిచారనీ చెప్పాను.

అంతా విని అది కప్పు గురించి అడగలేదు. "ఆ ఆదోని అక్కకు మోకాలు చాలా నొప్పి పుట్టి ఉంటుందా తాతా?" అని అడిగింది.

"పుట్టే ఉంటుంది" అన్నాను.

కాసేపు కూర్చున్నది. లేచి వెళ్ళి స్టూలు వేసుకొని అటక మీద చెయ్యి పెట్టి వెతికింది. ఎడమ చేయే పెట్టింది.

వేసవిలో దానిని కడపకు శిక్షణకు పంపాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పదో తరగతి దగ్గర పడుతున్నదని మా కోడలి భయం. ఎండ అని మా కొడుకు భయం. చరణి మొదట ఖోఖో, పరుగు పందేలు ఆడి, క్రికెట్టును గట్టిగా పట్టుకున్నది పదిహేను దాటాకనే అని, కనుక తొందర లేదని ఒకరు. ఎవరి వయసు వాళ్ళది, చరణి లెక్క మనకెందుకని ఒకరు. చివరికి నెల రోజులు పంపి చూద్దామన్నారు. ఆ నెల తరువాత ఏమవుతుందో ఆ పిల్లకూ, ఆ చేతికీ వదిలేశాము.

నిన్న పక్కింటావిడ గోడ మీదుగా మా ఆవిడను పలకరించింది. "ఏమక్కా, మీ మనవరాలు చరణి మాదిరి వేస్తాదా, శర్వాణి మాదిరి వేస్తాదా?" అని అడిగింది.

నేను వరండాలో పేపరు దించి చెవి పెట్టాను. నలభయి ఏళ్ళ తగువు ఆ ఒక్క జవాబులో తేలిపోతుందనుకున్నాను.

మా ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూనే తలెత్తకుండా, "ఎడమ చేత్తో వేస్తాది" అన్నది.